అయ్యవారి హాజరు పట్టీ



ఎవరి జ్ఞాపకంగా మనం ఇక్కడ కూర్చున్నామో ఆయన పేరు చెప్పకుండా మాట్లాడమని వారి పిల్లలు నన్ను కోరారు. “మా నాయనను ఊరంతా అయ్యవారనే పిలిచింది, మీరూ అట్లే పిలవండి” అన్నారు. పలమనేరు దగ్గరి ఒక పల్లెలో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన బడిపంతులు ఆయన. ఆయన ముందు మూడేళ్ళు బాసింపట్టు వేసుకుని కూర్చున్నవాణ్ణి నేను.

అయ్యవారు రోజూ పొద్దున హాజరు పిలిచేవారు. ముప్ఫైమందికి మించని తరగతి. ఎవరు రాలేదో గుమ్మంలో నిలబడగానే ఆయనకు తెలిసిపోయేది. అయినా పట్టీ తెరిచి, ఒక్కో పేరూ పిలిచి, ఆ పిల్లవాడి ముఖం చూసి, ఆ తరువాతే గీత పెట్టేవారు. ఒకరోజు మాలో ఒకడు ఉండబట్టలేక అడిగాడు. “నిన్న వచ్చినోళ్ళమే ఈపొద్దూ వచ్చినాము గదా అయ్యవారూ, మళ్ళీ పిలిచేది ఎందుకు?” ఆయన కోప్పడలేదు. “నిన్న నువ్వు ఎట్లుండావో నాకు తెలుసురా. ఈపొద్దు ఎట్లుండావో పిలిస్తేనే గదా తెలిసేది” అన్నారు. జ్వరంతో వచ్చినవాణ్ణి, పస్తుతో వచ్చినవాణ్ణి ఆయన ఆ పిలుపులోనే పట్టుకునేవారు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ చికిత్సలో ఈ పాతికేళ్ళలో వచ్చిన పెద్ద మార్పు గురించి ఈ రోజు మాట్లాడతాను. శరీరం లోపలి బొమ్మను రోజూ తీసి చూడడం, అవసరమైతే చికిత్సనే మార్చుకోవడం, ఇదీ ఆ మార్పు. దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. నా మనసులో మాత్రం దీని పేరు హాజరు.

మన ప్రాంతం, మన ఊపిరి

ఊపిరితిత్తుల జబ్బులతో మన ప్రాంతానిది పాత పరిచయం. 1912లో మదనపల్లెలో చిన్నగా మొదలైన క్షయ శానటోరియం 1915లో ఊరి బయటికి, ఇప్పుడు మనం ఆరోగ్యవరం అని పిలుచుకునే చోటికి చేరింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలినాళ్ళ సారథి. మన దేశంలో బీసీజీ టీకా మొట్టమొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948. ఆ తరువాత 1950 నుంచి 1955 దాకా ఆ చుట్టుపక్కల పల్లెల జనానికి ఛాతీ ఎక్స్‌రేలు తీసి, క్షయ ఎంతమందిలో ఉందో, కొత్తగా ఎంతమందికి వస్తోందో లెక్క కట్టారు. ఆ అధ్యయనం నాకు ప్రత్యేకంగా ఇష్టం. ఒక్కసారి బొమ్మ తీసి వదిలేస్తే ఎవరికి జబ్బు ఉందో తెలుస్తుంది గానీ, ఎవరికి కొత్తగా వచ్చిందో తెలియదు. అందుకని వాళ్ళు అవే పల్లెలకు మళ్ళీ వెళ్ళారు, అవే ఛాతీలను మళ్ళీ చూశారు.

ఆ చరిత్ర వల్ల మనకు ఒక మేలూ జరిగింది, ఒక చిక్కూ మిగిలింది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, గళ్ళలో నెత్తురు కనిపిస్తే టీబీని అనుమానించాలని పల్లె పల్లెకూ తెలుసు. అది మేలు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఇవే లక్షణాలు. ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే టీబీ మందులు మొదలుపెట్టి నెలలు గడిపాక మా దగ్గరికి చేరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది చిక్కు. గళ్ళ పరీక్షలో టీబీ తేలకపోయినా, మందులు వాడుతున్నా మచ్చ తగ్గకపోయినా, సీటీ స్కాన్ తీయించి ముక్క పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఆలస్యం కాకూడదు. ప్రపంచంలో ఒక్క 2022లోనే సుమారు 24.8 లక్షల మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ కొత్తగా బయటపడింది. సుమారు 18 లక్షల మంది దాంతో చనిపోయారు. మరే క్యాన్సరూ ఇంతమందిని బలి తీసుకోవడం లేదు. బీడీ, సిగరెట్టు దీనికి మొదటి కారణం. జన్మలో పొగ ముట్టని ఆడవాళ్ళు కూడా ఈ జబ్బుతో వస్తున్నారు కాబట్టి, “నాకు అలవాటు లేదు గదా” అన్న ధీమా పనికిరాదు.

కరెంటు పెట్టడం

మన రోగులు రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఒళ్ళు ఝల్లుమంటుందని మొదటిరోజు బిగుసుకుపోతారు. నిజానికి ఎక్స్‌రే తీయించుకున్నట్టే ఉంటుంది, ఏమీ తెలియదు. లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం ఎలక్ట్రాన్లను మహావేగంతో తోలి లోహపు బిళ్ళకు తాకిస్తుంది. అక్కడ పుట్టిన బలమైన ఎక్స్‌కిరణాలు గడ్డలోని కణాల డీఎన్‌ఏను తెంచుతాయి. దెబ్బ తిన్న మంచి కణం మర్నాటికి చాలావరకు మరమ్మతు చేసుకుంటుంది. క్యాన్సర్ కణానికి ఆ నేర్పు తక్కువ. ఆ తేడా మీద ఆధారపడే మేము మోతాదును చిన్న విడతలుగా పంచుతాం. ఆపరేషన్‌కు లొంగని మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా వాడే లెక్క ఇది: రోజుకు 2 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం), వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మొత్తం 30 విడతలు, 60 గ్రేలు. తట్టుకోగలిగినవాళ్ళకు కీమో మందులూ దాంతోపాటే ఇస్తాం.

చికిత్సకు ముందు సీటీ స్కాన్ తీసి, గడ్డ ఎక్కడుందో గీస్తాం. చుట్టూ ఉన్న గుండె, అన్నవాహిక, వెన్నుపాము, మంచి ఊపిరితిత్తి, అన్నీ గీస్తాం. భౌతికశాస్త్ర నిపుణులు ఏ దిక్కు నుంచి ఎంత కిరణం పోవాలో ప్లాన్ వేస్తారు. ఛాతీ మీద చుక్కంత పచ్చబొట్టు పొడిచి గుర్తు పెట్టుకుంటాం. పచ్చబొట్టు అనగానే మన ముసలమ్మలు నవ్వి, చేతి మీది పాత పచ్చబొట్టు చూపిస్తారు.

ఇక్కడే అయ్యవారి లెక్క ఒకటి వస్తుంది. నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉందనుకోండి. గుండ్రంగా ఉంటే దాని ఘనపరిమాణం సుమారు 33 ఘన సెంటీమీటర్లు. రేపు అది సరిగ్గా ఎక్కడ ఉంటుందో నమ్మకం లేక, చుట్టూ ఒక సెంటీమీటరు చొప్పున అంచు వదిలామనుకోండి. ఆరు సెంటీమీటర్ల గోళం అయింది. ఘనపరిమాణం 113కు చేరింది. గడ్డకు రెండింతలకు మించిన మంచి కండను కూడా పూర్తి మోతాదుతో కాల్చవలసి వస్తుందన్నమాట. అదే అంచు అర సెంటీమీటరుకు తగ్గితే మొత్తం 65 దగ్గర ఆగుతుంది. మన తెలియనితనానికి రోగి ఊపిరితిత్తి చెల్లించే వెల ఆ అంచు. చూపు ఎంత మెరుగైతే ఆ వెల అంత తగ్గుతుంది.

నిలకడ లేని చోటు

తలలోని గడ్డ ఎముకల పెట్టెలో భద్రంగా ఉంటుంది. ఊపిరితిత్తిలోని గడ్డ ఊపిరితో ఊగుతుంది. మనిషి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాడు. కింది భాగంలో, విభాజక పటలానికి దగ్గరగా ఉన్న గడ్డ ఒక్కో ఊపిరికి ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికీ పైకీ కదలడం మామూలే. మొదటిరోజు భయంతో గబగబా పైపైన ఊపిరి తీసిన మనిషి, రెండోవారానికి అలవాటుపడి నిదానంగా, లోతుగా తీస్తాడు. అలిపిరి దగ్గర ఊపిరి ఒకటి, మోకాళ్ళ పర్వతం ఎక్కాక ఊపిరి ఇంకొకటి. ఒకే మనిషిలో ఇన్ని ఊపిరులుంటే, ఒక్క క్షణంలో తీసిన సీటీ బొమ్మ ఏ ఊపిరిని పట్టుకున్నట్టు?

అందుకని 2000 తరువాత కదలికనూ కలిపి బొమ్మ తీసే పద్ధతి వచ్చింది. ఊపిరి చక్రాన్ని సాధారణంగా పది భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో సీటీ కూరుస్తాం. నాలుగో కొలత కాలం కాబట్టి దాన్ని ఫోర్ డీ సీటీ అంటాం. గడ్డ ఎక్కడెక్కడ తిరుగుతుందో అంతా కలిపి గీస్తాం. కదలిక మరీ ఎక్కువైతే, కొందరికి నిండుగా ఊపిరి బిగబట్టడం నేర్పి, ఆ కొద్ది సెకన్లలోనే కిరణం ఇస్తాం.

ఇది ఊపిరి తెచ్చే కదలిక. ఆరు వారాల్లో వచ్చే మార్పు వేరు. ఆ మార్పును నాకు నేర్పింది అయ్యవారే.

ఊపిరి బాగా ఆడతా ఉండాది

ఇరవై ఏళ్ళ పైమాట. నేను అప్పుడు వేరే ఊళ్ళో, ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. అయ్యవారు ఆయాసంతో వచ్చారు. ఎడమవైపు పెద్ద గాలిగొట్టాన్ని గడ్డ మూసేసింది. దాని వెనుక ఊపిరితిత్తి భాగం గాలి లేక ముడుచుకుపోయింది. సీటీ తీసి ప్లాన్ వేశాం. ఆ కాలంలో వారానికి ఒకసారి ఫిల్ము తీసి, ఎముకలు సరిగా ఉన్నాయో లేదో చూసేవాళ్ళం. అందులో పక్కటెముకలు, వెన్నుపూస కనిపిస్తాయి. గడ్డ స్పష్టంగా కనిపించదు. ఎముకలు కుదిరితే చికిత్స కుదిరినట్టే లెక్క.

మూడోవారంలో ఒక పొద్దున ఆయన బల్ల మీద పడుకుంటూ అన్నారు: “నాయనా, ఈ నాలుగు దినాలుగా ఊపిరి బాగా ఆడతా ఉండాది.” నాకు కళ్ళు చెమర్చాయి. అందరం సంతోషించాం. మిఠాయి తెప్పించుకున్నాం. చికిత్స అదే ప్లానుతో సాగింది.

చికిత్స ముగిశాక తీసిన సీటీ చూసినప్పుడు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మూసుకుపోయిన గొట్టం తెరుచుకుంది. ముడుచుకున్న భాగం గాలితో నిండి విచ్చుకుంది. అది విచ్చుకోవడంతో గుండె, గొట్టాలు, మిగిలిన గడ్డ, అన్నీ పక్కకు జరిగాయి. పక్కటెముకలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. చివరి వారాల్లో మేము కిరణం ఇచ్చింది మొదటిరోజు బొమ్మకు. గడ్డలో ఒక అంచు మా గీత బయటికి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఆ తరువాత ఏడాదికి జబ్బు తిరిగి వచ్చింది, ఆయన వెళ్ళిపోయారు. గడ్డ అలా పక్కకు జరగడం వల్లే జబ్బు తిరిగి వచ్చిందని నేను చెప్పలేను. మూడో దశ జబ్బు అన్నీ సరిగా చేసినా తిరిగి రాగలదు. అప్పటి పద్ధతి అదే, మాకున్న సాధనాలు అవే. కానీ ఆయన నోటితో ఆయనే చెప్పారు. ఊపిరి బాగా ఆడుతోందంటే లోపల ఏదో మారిందని అర్థం. నా గురువు నా ముందు పడుకుని తన హాజరు తనే పలికితే, నేను ముఖం ఎత్తి చూడకుండా గీత పెట్టాను.

మనిషిని జరపడం, ప్లానును మార్చడం

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని విలియం బ్యూమాంట్ ఆసుపత్రిలో డి యాన్, ఆయన సహచరులు 1997లోనే ఒక ఆలోచన ప్రచురించారు. చికిత్స మొదటిరోజు వేసిన ప్లానును శిలాశాసనంగా చూడవద్దు. రోజువారీ కొలతలు చూసి, ఆ రోగికి తగ్గట్టు దాన్ని సవరించుకుంటూ పోవాలి. అదే ఆసుపత్రిలో డేవిడ్ జాఫ్రే బృందం చికిత్స యంత్రానికే ఒక చిన్న ఎక్స్‌రే గొట్టాన్నీ, ఎదురుగా ఒక పలకనూ బిగించింది. యంత్రం రోగి చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, బల్ల మీదనే సీటీ లాంటి బొమ్మ వస్తుంది. 2002లో దాన్ని ప్రపంచానికి వివరించారు. దాన్నే కోన్ బీమ్ సీటీ అంటాం. ఇప్పుడు ఎముకలు మాత్రమే కాక గడ్డ, గుండె, విచ్చుకున్న ఊపిరితిత్తి, చేరిన నీరు, అన్నీ కిరణానికి ముందే కనిపిస్తాయి.

ఈ బొమ్మతో రెండు పనులు చేయవచ్చు. విద్యార్థులు ఈ తేడాను బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది: ఈనాటి బొమ్మను మొదటిరోజు బొమ్మ మీద పెట్టి, గడ్డ మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉంటే బల్లను మూడు మిల్లీమీటర్లు జరపడం. ఇది రోజూ చేసే పని. రెండోది: బల్ల ఎంత జరిపినా కుదరనంతగా లోపల మారిపోతే, ఆ రోజు శరీరానికి కొత్తగా సీటీ తీసి, కొత్తగా గీసి, కొత్త ప్లాన్ వేయడం. మొదటిది చూసి సరిచేసే చికిత్స, రెండోది చూసి మార్చుకునే చికిత్స.

ఏవి మారితే ప్లాన్ మార్చాలి? మూసుకున్న భాగం విచ్చుకుంటే, లేదా బాగున్న భాగం కొత్తగా ముడుచుకుంటే. ఛాతీలో నీరు చేరితే, ఉన్న నీరు తీసేస్తే. నెమ్ము చేస్తే. ఒళ్ళు బాగా తగ్గితే. గడ్డ గణనీయంగా కుంచించుకుపోతే. గాలిలో కిరణం సాగే తీరు వేరు, కండలో సాగే తీరు వేరు. నిన్న కండలా గట్టిగా ఉన్న చోట ఈ రోజు గాలి నిండితే, అదే కిరణం వెన్నుపాముకూ అన్నవాహికకూ చేర్చే మోతాదు మారిపోతుంది. వెన్నుపాముకు 45 నుంచి 50 గ్రేల మధ్య గీత దాటకూడదు. దాటితే మనిషి నడకే పోవచ్చు.

తొందర కూడదు

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. గడ్డ కరిగింది కదా అని మనం గీసిన గీతను కూడా చిన్నది చేస్తే, కంటికి కనిపించని కణాలు పాత అంచు దగ్గర మిగిలిపోవచ్చు. ఇసుక తిన్నె మీంచి నీళ్ళు వెనక్కి పోయినా తడి మిగిలే ఉంటుంది. ఇటలీ వైద్యులు 2017లో ప్రచురించిన లార్టియా అధ్యయనం ఈ భయాన్ని నేరుగా పరీక్షించింది. 217 మంది రోగులకు చికిత్స సాగుతున్నంతకాలం వారం వారం సీటీ తీశారు. గడ్డ తగ్గిన 50 మందికి ప్లాన్ మార్చి, గీత కుదించారు. ఆ యాభై మందిలో కుదించిన అంచు దగ్గర జబ్బు తిరిగి వచ్చింది 6 శాతం మందిలో; ఊపిరితిత్తికి తీవ్రమైన హాని జరిగింది 2 శాతం మందిలో. జాగ్రత్తగా చేస్తే గీత కుదించవచ్చని అది చెప్పింది.

అయితే మోతాదు పెంచితే బాగుంటుంది కదా అనిపిస్తుంది. ఆ ఆశను 2015లో వెలువడిన ఆర్‌టీఓజీ 0617 అధ్యయనం సరిదిద్దింది. 60 గ్రేలు తీసుకున్నవారిలో సగం మంది 28.7 నెలలకు పైగా బతికితే, 74 గ్రేలు తీసుకున్నవారిలో అది 20.3 నెలలకే పరిమితమైంది. గుండెకు చేరిన కిరణం ఎంతన్నది కూడా ఆయుష్షును ప్రభావితం చేసింది. చికిత్స మధ్యలో పెట్ స్కాన్ తీసి, మిగిలిన గడ్డకు ఎక్కువ మోతాదు ఇచ్చి చూసిన ఆర్‌టీఓజీ 1106లోనూ ఛాతీలో జబ్బు అదుపు స్పష్టంగా మెరుగుపడలేదు. మనం మార్చుకునేది గడ్డను ఇంకా గట్టిగా కొట్టడానికని అనుకోవద్దు. తగలవలసిన చోట తగిలిందా, తగలకూడని చోట తగలకుండా ఉందా అని చూసుకోవడానికి.

తిరుపతిలో మనం చేయగలిగింది

ఒకప్పుడు మన జిల్లావాళ్ళకు క్యాన్సర్ అంటే వేలూరు బస్సో, మద్రాసు రైలో. 1993లో తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. 2022 మేలో శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ, టాటా ట్రస్టుల చొరవతో, టీటీడీ ఇచ్చిన నేల మీద మొదలైంది. కొండ కింద నిలబడి క్యాన్సర్ చికిత్స మన ఊళ్ళో దొరుకుతుందని చెప్పగలుగుతున్నాం. ఇది చిన్న మాట కాదు.

ప్రపంచంలో ఇప్పుడు రోగి బల్ల మీద పడుకుని ఉండగానే కొత్త ప్లాన్ వేసే యంత్రాలున్నాయి. ఎంఆర్ఐ యంత్రాన్నీ చికిత్స యంత్రాన్నీ ఒకటిగా కలిపినవీ ఉన్నాయి. అవి రావాలి, వస్తాయి. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోవలసిన పని లేదు. చూసి మార్చుకునే చికిత్సలో సగానికి పైగా అలాంటి యంత్రం లేకపోయినా చేయగల పనే. రోజూ తీసిన బొమ్మను టెక్నీషియన్ తెరిచి చూడాలి. తేడా కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాసి గోడకు అంటించి ఉండాలి. వారానికి ఒకరోజు డాక్టరు, భౌతికశాస్త్ర నిపుణులు, టెక్నీషియన్లు కలిసి ఒక్కొక్క రోగి బొమ్మలూ వరుసగా చూడాలి. రోగి బరువు రాయాలి. ఆయాసం పెరిగిందా తగ్గిందా అడగాలి. కొత్త ప్లాన్ అవసరమైతే రెండు మూడు రోజుల్లో సిద్ధం చేయగలిగేంతమంది మనుషులుండాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల పేదవాడికి మొదటి ప్లాన్ అందుబాటులోకి వచ్చింది. రెండో ప్లాన్ అవసరమైనవాడికి అది కూడా అంతే సులువుగా అందాలని పాలకులకు ఈ వేదిక నుంచి మనవి చేస్తున్నాను.

హాజరు రోగి వైపు నుంచి కూడా ఉండాలి. 30 విడతల మధ్య విరామం పెరిగితే, మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ సందులో మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. కుప్పం నుంచో పుంగనూరు నుంచో వచ్చే రైతుకు ఆరు వారాలు తిరుపతిలో ఉండడమంటే టమోటా పంటను, పాడి ఆవును, బడికి వెళ్ళే పిల్లలను వదిలి రావడం. “ఎందుకు రాలేదు?” అని కేకలు వేసేకంటే, రాత్రికి ఎక్కడ పడుకుంటున్నాడో, ఏం తింటున్నాడో అడగడం మంచి వైద్యం. రోగి శరీరానికి తగ్గట్టు ప్లాన్ మారుస్తున్నాం. అతని బతుకుకు తగ్గట్టు ఆసుపత్రి కూడా కొంత మారాలి. సత్రంలో ఒక గది, ఒక పూట భోజనం, బస్సు వేళకు కుదిరే చికిత్స వేళ. అయ్యవారి జ్ఞాపకంగా నిధిని నెలకొల్పిన కుటుంబం దానిమీద వచ్చే వడ్డీని ఈ పనికే వాడమని చెప్పింది. వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇప్పుడు మా విభాగంలో సోమవారం ఉదయం చికిత్సలో ఉన్న రోగుల పేర్లు ఒకరు పైకి చదువుతారు. ఒక్కో పేరుకూ ఆ వారం బొమ్మలు తెర మీదికి వస్తాయి. గడ్డ ఎక్కడుంది, గుండె ఎక్కడుంది, ఊపిరితిత్తి ఎంత విచ్చుకుంది, వెన్నుపాము ఎంత దూరంలో ఉంది, ఒక్కొక్కటీ చూశాకే ముందుకు పోతాం. కొత్తగా చేరిన పిల్లలకు ఇది విసుగు. నిన్నటి బొమ్మే కదా సార్ అంటారు.

మొన్న ఒక పెద్దాయన బల్ల మీద పడుకుంటూ అన్నాడు: “సార్, ఊపిరి బాగా ఆడతా ఉండాది.” నేను సంతోషించాను. సంతోషించి, “అట్లే పడుకోండి పెద్దాయనా, ఒక్కసారి చూస్తాను” అని తెర దగ్గరికి నడిచాను. ముడుచుకున్న భాగం విచ్చుకుని ఉంది. ఆ పూట పాత ప్లాన్ ఆపి, కొత్త సీటీకి రాశాను. కాగితం మీద సంతకం పెడుతుంటే చేయి కాసేపు ఆగింది. ఆ గీత నేను పెట్టవలసింది ఇరవై ఏళ్ళ కిందట.